పొద్దున్నే పెట్రోలు వాసన



మీ ఇంట్లో మెట్ల కిందో, వసారా మూలనో పాత దుప్పటి కప్పుకుని ఒక చేతక్ స్కూటర్ ఇంకా ఉందా? పొద్దున్నే తలుపు తీయగానే కాఫీ వాసన కంటే ముందు పెట్రోలు వాసన ముక్కుకు తగులుతోందా? అయితే ఇవాళ్టి నా మాటలు మీకోసమే. బండి కింద గచ్చు మీద చిన్న తడి మరక. ఎన్ని కిక్కులు కొట్టినా అంటుకోని ఇంజను. అంటుకుంటే వీధంతా కమ్మేసే పొగ. మెకానిక్కులు దీన్ని ఓవర్‌ఫ్లో అంటారు. కార్బురేటర్ పొంగిపోవడం అన్నమాట.

ఈ జబ్బు పాత బుల్లెట్టుకూ వస్తుంది, అంబాసిడర్‌కూ వస్తుంది. నేను మాత్రం చేతక్ గురించే చెబుతాను. నా చేతులకు తెలిసిన బండి అదే.

గుంటూరులో మా నాన్నగారు కొన్నారు దాన్ని. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి 1972లో బజాజ్ కంపెనీ తెచ్చిన బండి అది. డబ్బు కట్టి, పేరు నమోదు చేయించుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకునేవాళ్లు జనం. పెళ్లిమాటల్లో స్కూటర్ ప్రస్తావన వస్తే అది చాలాసార్లు చేతక్ గురించే అయ్యేది. 1989లో టీవీలో ‘హమారా బజాజ్’ ప్రకటన వచ్చేనాటికి మా బండికి ఏడేళ్లు నిండాయి. నేను కాలేజీలో చదువుతున్నాను. బండి తుడవడం, పొద్దున్నే స్టార్టు చేసి పెట్టడం నా పని.

ఒకరోజు తెల్లవారుజామున నాన్నగారిని రైలుకు దింపాలి. రాత్రంతా వాన కురిసి వెలిసింది. కిక్కు కొట్టాను, అంటుకోలేదు. అందరూ చేసే పనే నేనూ చేశాను. బండిని నా వైపు బాగా వంచి, ఒక నిమిషం అలాగే ఉంచి, నిలబెట్టి మళ్లీ కిక్కు కొట్టాను. లేదు. మళ్లీ వంచాను. చోక్ పూర్తిగా లాగాను. ముప్పై నలభై కిక్కులు అయ్యుంటాయి. కాలి మడమ వాచింది. నాన్నగారు గడియారం చూసుకుని, ఒక్క మాట కూడా అనకుండా, సంచీ భుజాన వేసుకుని రిక్షా ఎక్కి వెళ్లిపోయారు.

మా వీధి చివర షెడ్డు నడిపే మెకానిక్ ఉండేవాడు. అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. ఎనిమిది గంటలకు బండిని అక్కడికి తోసుకెళ్లాను. ఆయన కిక్కు జోలికే పోలేదు. వంగి వాసన చూశాడు. ప్లగ్ విప్పాడు. దాని మొన నుంచి పెట్రోలు బొట్టు జారింది. నా వైపు చూసి, “ఏంది బాబూ, అది తాగలేక కక్కుతా ఉంటే ఇంకా ఇంకా తాగిస్తా ఉన్నావు?” అన్నాడు.

ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. అంటుకోని బండికి రెండు జబ్బులు ఉండొచ్చు. ఒకటి దాహం, అంటే పెట్రోలు అందకపోవడం. రెండోది మునక, అంటే పెట్రోలు ఎక్కువైపోవడం. బయటినుంచి చూస్తే రెండూ ఒకటే, బండి అంటుకోదు. వైద్యం మాత్రం పూర్తిగా ఎదురెదురు. దాహానికి చేసే వైద్యం మునిగినదానికి చేస్తే ఇంకా ముంచుతాం. బండిని వంచడం, చోక్ లాగడం దాహానికి వైద్యాలు. బండిని వంచినప్పుడు కార్బురేటర్ గిన్నెలో మట్టం చెదురుతుంది, లోపలి ఫ్లోట్ తన చోటు తప్పుతుంది, మామూలుగా దిగేదానికంటే కాస్త ఎక్కువ పెట్రోలు దిగి ఇంజనులోకి ఒలుకుతుంది. చలికి బిగుసుకున్న బండికి ఆ నాలుగు చుక్కలు ప్రాణం పోస్తాయి. అందుకే ఆ అలవాటు ఊరూరా పాకింది. కానీ ఆ రోజు మా బండి రాత్రంతా మునిగే ఉంది. ట్యాంకు దారి మూసే కుళాయిని, అంటే పెట్రోల్ కాక్‌ను, ముందురోజు రాత్రి కట్టడం నేను మరిచిపోయాను.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

ఊరి చెరువు గుర్తు చేసుకోండి. చెరువుకు తూము, తూము దగ్గర నీరుగంటి. పొలం మడిలో నీళ్లు తగ్గితే తూము ఎత్తుతాడు, నిండితే దించుతాడు. చేతక్‌లో చెరువు అంటే సీటు కింద ట్యాంకు. మడి అంటే కార్బురేటర్‌లో ఉండే చిన్న గిన్నె. ట్యాంకు పైన, గిన్నె కింద. మోటారు గీటారు ఏమీ లేదు, పెట్రోలు తన బరువుతోనే దిగుతుంది. గిన్నెలో తేలే ప్లాస్టిక్ బుడ్డి ఫ్లోట్, అదే మన నీరుగంటి. పెట్రోలు పెరిగితే ఫ్లోట్ పైకి లేస్తుంది, తన మీదున్న సూదిలాంటి నీడిల్‌ను పైనున్న రంధ్రంలోకి నొక్కుతుంది, దారి మూసుకుంటుంది. ఇంజను కాస్త తాగేసరికి మట్టం తగ్గి, ఫ్లోట్ దిగి, దారి తెరుచుకుంటుంది. డాబా మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతి చేసేదీ ఈ పనే. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాఖ్ ఫ్లోట్‌తో మట్టం నిలిపి, సన్నటి గొట్టంలోంచి పెట్రోలు చిమ్మే కార్బురేటర్ తయారుచేశాడు. మన స్కూటర్‌లో ఉన్నది ఇప్పటికీ ఆ ఆలోచనే.

ఆ మట్టం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువులో దాదాపు పద్నాలుగున్నర పాళ్ల గాలి కావాలి. లీటరు పెట్రోలుకు లెక్కవేస్తే సుమారు 9 వేల లీటర్ల గాలి! కార్బురేటర్ అంత గాలిలో అంత చిన్న చినుకును కలపాలి. గాలిలో పెట్రోలు ఆవిరి పరిమాణంలో నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లకు తగ్గితే అంటుకోదు. ఏడున్నర పాళ్లు దాటినా అంటుకోదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పెట్రోలు ఎక్కువైతే ఇంకా బాగా మండాలి కదా అనుకుంటారు. పొయ్యిలో కట్టెలు గాలి ఆడకుండా కుక్కేస్తే ఏమవుతుందో మన అమ్మమ్మలకు తెలుసు. మంట ఉండదు, పొగ ఉంటుంది. ఇంజనులోనూ అంతే. దానికితోడు ప్లగ్ మొన తడిసిపోతే నిప్పురవ్వ దూకడమే మానేస్తుంది.

చేతక్ టూ స్ట్రోక్ బండి, పెట్రోలులో ఆయిల్ కలిపి పోస్తాం. కార్బురేటర్ పొంగితే ఆ కలిపిన పెట్రోలు ఇంజను అడుగు పెట్టెలోకి దిగి కూర్చుంటుంది. తర్వాత అందులో పెట్రోలు ఆవిరైపోతుంది, ఆయిల్ మిగిలిపోతుంది. పొంగిన బండి చివరికి అంటుకున్నప్పుడు పది నిమిషాలు పొగ కక్కేది అందుకే. ఆ పొగ చూసి రింగులు పోయాయి, బోరు చేయించాలి అని కంగారుపడి డబ్బు వదిలించుకున్నవాళ్లను నేను చూశాను. ముందు ఒక పది కిలోమీటర్లు నడిపి చూడండి. పొగ తగ్గిపోతే రింగులకు ఏమీ కాలేదు.

సరే, దాహమా మునకా ఎలా తెలుస్తుంది? ముక్కుతో, ప్లగ్‌తో. పదిసార్లు కిక్కు కొట్టాక పెట్రోలు వాసన ఘాటుగా వస్తే మునక. ఏ వాసనా లేకపోతే దాహం. ప్లగ్ విప్పి చూడండి. మొన పొడిగా ఉంటే లోపలికి ఏమీ రావడం లేదు. తడిగా, నల్లగా, మెరుస్తూ ఉంటే మునిగింది. ఆరోగ్యంగా నడిచే బండి ప్లగ్ కాఫీపొడి రంగులో ఉంటుంది. ఆ రంగు ఒకసారి కంటికి అలవాటైతే మీరు సగం మెకానిక్ అయినట్టే.

మునిగిందని తేలితే, దారిలో ఉన్నా ఇంట్లో ఉన్నా, మొదటి పని పెట్రోల్ కాక్ కట్టడం. రెండోది చోక్ లోపలికి నెట్టేయడం. ఆ తర్వాత యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ఎనిమిది పది కిక్కులు నిదానంగా, నిండుగా కొట్టండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే పెట్రోలు ఇంకా ఎక్కువ రాదా అని అడుగుతారు. కాక్ కట్టేశాం కాబట్టి కొత్తగా దిగేది లేదు. పూర్తిగా తెరిచిన దారిలోంచి గాలి మెండుగా వెళ్లి లోపలి తడిని ఆరబెడుతుంది. చాలాసార్లు ఐదో ఆరో కిక్కుకు ఇంజను ఒక దగ్గు దగ్గుతుంది. ఇంకో రెండు కిక్కులకు అంటుకుంటుంది. అంటుకున్నాక ఆగిపోకుండా పట్టుకుని, అప్పుడు కాక్ తెరవండి.

అప్పటికీ రాకపోతే ప్లగ్ విప్పండి. స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ వైరును రంధ్రానికి దూరంగా పెట్టి, ఖాళీ రంధ్రంతోనే పది కిక్కులు కొట్టండి. లోపలున్న పెట్రోలు తుంపరగా బయటికి వస్తుంది, మొహం అడ్డం పెట్టకండి. ప్లగ్‌ను పొడిగుడ్డతో తుడవండి, నల్లటి మసి ఉంటే ఉప్పుకాగితంతో తేలిగ్గా గీకండి. ఒక పావుగంట బండిని దాని మానాన వదిలేసి, టీ తాగి రండి. ఆ పావుగంటలో లోపల చాలావరకు ఆరిపోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు. నేల వెంట పాకి, గుమ్మం దాటి, పల్లంగా ఉన్న గదిలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. మన ఇళ్లలో స్కూటర్ ఎక్కడ పెడతాం? వసారాలో, మెట్ల కింద, కొన్ని ఇళ్లలో ముందుగదిలోనే. ఆ పక్కనే దేవుడి గూట్లో దీపం. రెండడుగుల అవతల వంటింట్లో గ్యాసు పొయ్యి. రాత్రి పొంగిన బండి, పొద్దున్నే వెలిగించిన అగ్గిపుల్ల, ఈ రెండూ కలవకూడదు. వాసన వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోకండి. ముందు తలుపులు తీయండి, బండిని తోసుకెళ్లి ఆరుబయట పెట్టండి, గచ్చు మీది తడి మీద ఇసుక చల్లండి. బీడీ నోట్లో పెట్టుకుని కార్బురేటర్ విప్పే మేస్త్రీలు నాకు తెలుసు. వాళ్ల చేతి పనితనం మీద నాకెంతో గౌరవం ఉంది, కానీ ఆ ఒక్క విషయంలో వాళ్లను చూసి నేర్చుకోకండి. రవ్వ వస్తోందో లేదో చూడ్డానికి ప్లగ్‌ను ఇంజనుకు తాకించి కిక్కు కొట్టే పరీక్ష కూడా తడి పూర్తిగా ఆరాక, రంధ్రానికి దూరంగానే చేయాలి.

ఇక అసలు కారణం. పొంగడం ఆ పూటకు ఆగింది, మళ్లీ రాకూడదంటే ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలి.

బండి ఆపి ఉన్నప్పుడు రాత్రంతా పొంగాలంటే రెండు తలుపులు తెరిచి ఉండాలి. ఒకటి పెట్రోల్ కాక్, రెండోది నీడిల్. కాక్ కట్టి ఉన్నా పొంగుతోందంటే కాక్ లోపలి రబ్బరు వాషర్ అరిగి దారి ఇస్తోంది. కాక్ తెరిచి ఉంచినప్పుడే పొంగుతోందంటే తప్పు కార్బురేటర్‌ది. ఈ పరీక్షకు రెండు రాత్రులు చాలు, పానాలు అక్కర్లేదు.

నీడిల్ దగ్గర ఎక్కువగా జరిగేది చాలా చిన్న విషయం. ట్యాంకు అడుగునుంచి వచ్చిన ఒక తుప్పు రేణువు, ఒక ఇసుక పలుకు, నీడిల్‌కూ దాని గూటికీ మధ్య ఇరుక్కుంటుంది. తలుపు సందులో గులకరాయి పడ్డట్టు. కాక్ కట్టి, కార్బురేటర్ మీద స్క్రూడ్రైవర్ పిడితో రెండు తట్లు తడితే ఒక్కోసారి అది రాలిపోతుంది. మా భాయ్ మొదట చేసేది ఇదే. తట్టి, చెవి ఆనించి వినేవాడు. తట్టితే తగ్గి, వారానికి మళ్లీ మొదలైతే ట్యాంకు తుప్పుపట్టిందని అర్థం. కార్బురేటర్‌లోకి పెట్రోలు పైపు వచ్చి చేరే చోట చిన్న జల్లెడ ఉంటుంది. అది చిరిగిందేమో చూడండి. ట్యాంకు దించి కడిగించకుండా కార్బురేటర్‌ను ఎన్నిసార్లు శుభ్రం చేసినా వృథా.

మూత విప్పితే నీడిల్ చేతికి వస్తుంది. వెలుతురులో పెట్టి దాని మొన చూడండి. సూది మొన నున్నగా ఉండాలి. చుట్టూ ఉంగరంలా గీత పడి ఉంటే అది అరిగిపోయింది, ఇక మూసుకోదు. రుద్ది బాగుచేయాలని చూడకండి, మార్చండి. పెద్ద ఖరీదు కాదు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే దానికి సన్నటి పగులు ఉంది, పెట్రోలు లోపలికి చేరింది, బరువెక్కిన ఫ్లోట్ తేలదు. అనుమానంగా ఉంటే వేడినీళ్ల గిన్నెలో ముంచి పట్టుకోండి. లోపలి గాలి వేడెక్కి, పగులు ఉన్నచోట బుడగలు వస్తాయి. సైకిలు ట్యూబు పంక్చర్ వెతికినట్టే.

ఒకటి రెండు చేయకూడని పనులు. పెట్రోలును కొలిచి వదిలే సన్నటి ఇత్తడి రంధ్రాన్ని జెట్ అంటారు, అందులో పిన్నీసు దూర్చకండి. ఈ రకం కార్బురేటర్లలో జెట్ మీద ఉండే అంకె రంధ్రం వెడల్పును మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 100 అని ఉంటే రంధ్రం 1 మిల్లీమీటరు. ఇత్తడి మెత్తన, ఇనుప సూది ఒక్కసారి తిరిగితే ఆ లెక్క పోతుంది, ఇక ఆ బండి జీవితాంతం ఎక్కువే తాగుతుంది. పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టించండి, చాలు. కార్బురేటర్ మూత స్క్రూలను బలంకొద్దీ బిగించకండి. మూత వంగుతుంది, ఆ వంపులోంచి కొత్త కారుడు మొదలవుతుంది.

పొంగకపోయినా పొంగినట్టు కనిపించే సందర్భం ఒకటుంది. రవ్వ బలహీనమైతే, పాత బండ్లలో రవ్వ పుట్టించే పాయింట్లు మసిబారితే, ప్రతి కిక్కుకూ లోపలికి వెళ్లిన పెట్రోలు కాలకుండా మిగిలిపోతుంది. పది కిక్కులకు ప్లగ్ తడుస్తుంది. మనం కార్బురేటర్‌ను మూడుసార్లు విప్పి బిగిస్తాం, దానికేమో ఏ పాపమూ తెలియదు. అందుకని తడిసిన ప్లగ్ చూడగానే ఒకసారి రవ్వ కూడా చూడండి. నీలంగా, టక్కుమని దూకితే మంచిది. ఎర్రగా, బద్ధకంగా వస్తే ముందు అటు వెళ్లండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, చోక్ తీగ బిగుసుకుని సగంలో ఆగిపోయినా ఇదే తంతు.

ఈమధ్య పాత బండ్లలో ఈ జబ్బు మళ్లీ ఎక్కువగా వినిపిస్తోంది. మన పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది. అప్పట్లో చేసిన రబ్బరు వాషర్లు, పైపులు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని మెత్తబడతాయి, కొన్ని పెళుసెక్కుతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి కదలని బండిలో ఆ తేమ గిన్నె అడుగున చేరి తెల్లటి పొడిలాంటి తుప్పు పట్టిస్తుంది. కాబట్టి నెల రోజులు ఊరెళ్తుంటే, కాక్ కట్టి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడవనివ్వండి. గిన్నె ఖాళీ అవుతుంది. కాక్ వాషర్, పైపు, నీడిల్, ఈ మూడూ కొత్తవి వేయించడం పాత బండికి మీరు చేయగలిగిన పెద్ద ఉపకారం.

2020 ఏప్రిల్ 1న బీఎస్‌–6 నిబంధనలు వచ్చాక కొత్త స్కూటర్లలో, మోటారు సైకిళ్లలో కార్బురేటర్ చాలావరకు పోయింది. ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటర్ లెక్కగడుతోంది. అది మంచిదే, పొగ తగ్గింది. అదే ఏడాది చేతక్ పేరు కరెంటు స్కూటర్‌గా తిరిగి వచ్చింది, దానికి పెట్రోలే అక్కర్లేదు. కానీ వాసన చూసి, చెవి ఆనించి, ప్లగ్ రంగు చూసి రోగం చెప్పే మేస్త్రీలు ఒక్కొక్కరే షెడ్డు మూసుకుంటున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లు లేరు. మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఉంటే, బండి ఇచ్చేసి ఇంటికి వచ్చేయకండి. పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. ఏం చేస్తున్నాడో అడగండి. వాళ్లకు చెప్పడం ఇష్టం, అడిగేవాళ్లే లేరు.

ఆ రోజు సాయంత్రం భాయ్ మా బండికి కొత్త నీడిల్ వేశాడు. వేసి, కాక్ తెరిచే ఉంచి, కార్బురేటర్ కింద నేల మీద ఒక పాత దినపత్రిక పరిచాడు. “రాత్రికి ఇట్టా వదిలెయ్, బాబూ. పొద్దున కాగితం చెప్పిద్ది” అన్నాడు. రాత్రంతా కాక్ తెరిచి ఉంచడం పరీక్షకు మాత్రమే, అదీ ఆయన షెడ్డు ముందు ఆరుబయట, దీపం లేని చోట. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కాగితం మీద ఒక్క చుక్క కూడా లేదు. కాక్ ఎలా కట్టాలో నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు తిప్పి చూపించాడు.

నాన్నగారు ఊరినుంచి తిరిగి వచ్చే రోజు స్టేషనుకు నేనే వెళ్లాను. బండి మొదటి కిక్కుకే అంటుకుంది. ఇంటికి వచ్చి దిగాక ఆయన నా చెయ్యి సీటు కిందికి వెళ్లి కాక్ కట్టేదాకా నిలబడి చూసి, అప్పుడు లోపలికి వెళ్లారు.